పద్దెనిమిదో నంబరు

లా చదివిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "సార్, బి.ఎల్.తో పాటు సైబర్ సెక్యూరిటీలో పీజీ కూడా చేస్తే ఉపయోగం ఉంటుందా?" అని అడుగుతుంటారు. రాయలసీమ మొత్తంలో ఆ రెండు చదువులూ కలిపి చదివిన మొదటి మనిషిని నేనేనని నేనే ప్రచారం చేసుకున్నాను కాబట్టి, జవాబు చెప్పే పని కూడా నా నెత్తినే పడింది. ఉంటుంది నాయనా, ఎందుకుండదు? ఏ పాపమూ ఎరగని ఒక మనిషి పది రోజుల్లో జైలుకు పోవలసినంత ఉపయోగం నా చదువు వల్ల జరిగింది. ఆ పది రోజుల సంగతే ఇప్పుడు రాస్తున్నాను. గొంతు పోయి నేను నల్లకోటు విప్పేసి రెండేళ్లయింది. ఎవరికీ నష్టం లేదు. పేర్లు మాత్రం రాయను. మా వైపు పేర్లు రాయడం ఎంత పనో ఇది చదివితే మీకే తెలుస్తుంది.

అప్పటికి మా జిల్లాలో ఫ్యాక్షన్ ముసలిదైంది గానీ మంచం ఎక్కలేదు. తాతల నాడు ఊరికి రెండు వర్గాలు ఉండేవి. మా కాలానికి ఆ రెండూ రెండు పార్టీలయ్యాయి. ఎలక్షన్ ఎలక్షన్‌కూ పార్టీలు మారేవి, వర్గాలు మారేవి కావు. ఒక ఊర్లో రెండు వర్గాలూ ఒకే రోజు పార్టీ మారితే, ఒకరి గోడల మీద గుర్తులు ఒకరు చెరుపుకోవడానికి ప్రొద్దుటూరులో సున్నం దొరక్క మూడు పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. వాటిలో ఒకటి మా బంధువులదే, నన్ను నమ్మండి.

నేను ప్రొద్దుటూరులో, బంగారు అంగళ్ల వీధి వెనక, ఒక సీనియర్ క్రిమినల్ లాయరు దగ్గర పనిచేసేవాడిని. ఆయనకు డెబ్బై ఏళ్లు. ఆయన దగ్గితే కోర్టు పావురాలన్నీ లేచి మైలవరం డ్యాము దాకా పోయి, మధ్యాహ్నం భోజనాల వేళకు తిరిగొచ్చేవి. నలభై ఏళ్లలో ఆయన విడిపించిన ముద్దాయిలను రోడ్డుకు రెండు పక్కలా నిలబెడితే ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా ఎండ తగలకుండా నడిచిపోవచ్చు. ఆయన నాకు మొదటి రోజే ఒక సూత్రం చెప్పారు.

"క్లయింటును 'ఆ పొద్దు నువ్వు యాడుండావు' అని మనం అడగగూడదప్పా. 'నేను యాడున్న్యానని చెప్పమంటావు' అని వాడు మనల్ని అడగాల."

ఇరవై ఏళ్లు ఆ సూత్రాన్ని నేను తప్పలేదు.

చదువు పిచ్చి ఎలా పట్టిందో చెబుతాను. ఒకరోజు ఒక సీడీని సాక్ష్యంగా పెట్టాను. జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకుని, "దీని హ్యాష్ వాల్యూ ఎక్కడ?" అని అడిగారు. సీడీలో ఒక్క అక్షరం మార్చినా పట్టిచ్చే అంకెల వరస అదని నాకప్పుడు తెలియదు. నేను క్షణం కూడా తడబడకుండా, "వచ్చే వాయిదాకు స్టాంపు అంటించి దాఖలు చేస్తాను, మై లార్డ్" అన్నాను. ఆ నవ్వు కోర్టు హాల్లో మొదలై, బార్ అసోసియేషన్‌లో పెరిగి, బస్టాండు దగ్గర నేను టీ తాగే అంగడి దాకా నాకన్నా ముందే చేరింది. ఆ వారమే పులివెందులలో శని, ఆదివారాలు నడిచే సైబర్ సెక్యూరిటీ పీజీలో చేరాను. నాకప్పుడు నలభై నాలుగేళ్లు.

సీనియరు గారు నన్ను పైనుంచి కింద దాకా చూశారు. "ఏందప్పా, ఈ వయసులో మళ్ల పలకా బలపమా?"

"మున్ముందు కేసులన్నీ ఫోన్ల మిందనే నడుస్తాయంట సార్."

"ఇప్పుడు మాత్రం దేని మింద నడుస్తాండాయి? పైనుంచి ఒక ఫోను, పక్కనుంచి ఒక ఫోను. పోయిరా. బస్సు చార్జీలు నేనియ్యను."

క్లాసులో నాతో కలిపి ముప్పై మంది. మిగతా ఇరవై తొమ్మిది మంది వయసులన్నీ కూడినా నా వయసు రాదని నాకు అనిపించేది. వాళ్లు నన్ను 'లాయరు మామా' అనేవాళ్లు. పాఠం చెప్పే మేడం లింగాల నుంచి స్కూటీ మీద వచ్చేది. వాళ్ల నాయనకు అక్కడ అరటితోట ఉంది. వయసులో నాకంటే పదిహేనేళ్లు చిన్న, మాటలో నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద. ఆమె మొదటి పాఠం ఇప్పటికీ గుర్తుంది: "ఫోను యాడుందో రికార్డు చెప్తాది. ఫోను ఎవురి జేబులో ఉందో చెప్పదు." నేను దాన్ని నోటు పుస్తకంలో రాసుకుని, ఎర్ర సిరాతో కింద గీత కూడా గీశాను. గీత గీస్తే బుర్రలోకి వెళ్లినట్టేనని నా నమ్మకం.

ఆ ఏడు శ్రావణమాసంలో ఒక శనివారం, జమ్మలమడుగు అవతల ఒక ఊర్లో, బస్సు దిగి ఇంటికి పోతున్న ఒక రైతు మీద పడి కొడవళ్లతో నరికారు. మనిషి బతికాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర పోయింది. దీంట్లో నేను పెంచి రాసేది ఏమీ లేదు.

ఇక కేసు సంగతి. మా వైపు ఒక పద్ధతి ఉంది. దెబ్బ తిన్న మనిషి తనను కొట్టినవాళ్ల పేర్లు చెప్పడు. అతని వర్గం పెద్ద కూర్చుని జాబితా తయారు చేస్తాడు. అవతలి వర్గంలో ఎవరు లోపలికి పోతే ఏ ఇల్లు కూలుతుందో చూసి మరీ పేర్లు ఎక్కిస్తారు. చదువుకునే పిల్లోడు, ఉద్యోగం రాబోయేవాడు ఎవరైనా ఉంటే వాడి పేరు తప్పకుండా ఉంటుంది. కొట్టినవాళ్లు కూడా ఊరికే ఉండరు. వాళ్లలో ఇద్దరు తలకు గుడ్డ చుట్టుకుని ఆసుపత్రిలో చేరి, తమనే ముందు కొట్టారని కౌంటరు కేసు పెడతారు. దానికీ ఒక జాబితా ఉంటుంది. రెండు జాబితాల్లోనూ సగం మంది ఆ పూట ఊర్లోనే ఉండరు.

మా దగ్గరికి వచ్చింది కొట్టిన వర్గం. వాళ్ల మీద పద్దెనిమిది పేర్లు పడ్డాయి. వాళ్ల పెద్దాయన అప్పటికే 'పరారీలో' ఉన్నాడు. అంటే ప్రొద్దుటూరులో ఒక శెట్టిగారి గుడ్డల అంగడి మీద, చీరల మూటల గోడౌన్లో, ఫ్యాను కింద ఉన్నాడు. పోలీసులకు తెలుసు. పట్టుకోమని ఒక పార్టీ నుంచి, వద్దని ఇంకో పార్టీ నుంచి ఒకేసారి ఫోన్లు వచ్చి, వాళ్లు మధ్యలో ఇరుక్కున్నారు.

పెద్దాయన పట్టుచీరల మూట మీద కూర్చుని, పద్దెనిమిది సెల్ నంబర్లు రాసిన కాగితం నా చేతికిచ్చాడు. "మావోళ్లంతా ఆ పొద్దు గండిలో, ఆంజనేయసామి గుడికాడ ఉన్న్యారు లాయరు సామీ. శ్రావణ శనివారం గదా. ఫోన్ల రికార్డు తెప్పించి సూసుకోమను. నువ్వేందో దానికే చదువుతాండావంట గదా."

నాకు ఒళ్లు పులకరించింది. ఇరవై ఏళ్లుగా అబద్ధపు సాక్షులను తోముకుంటూ బతికినవాడికి, మాట మార్చని సాక్షి దొరికితే ఎలా ఉంటుందో మీరు ఊహించండి. దర్యాప్తు చేస్తున్న సీఐ గారికి, ఏ ఊరాయనో చెప్పను, అర్జీ పెట్టి రికార్డులు తెప్పించమన్నాం. తెప్పించారు. నాకొక నకలు ఇచ్చారు. మొదటి ఫోను చూశాను: పొద్దున ఊరు, తర్వాత ప్రొద్దుటూరు, మధ్యాహ్నానికి గండి. రెండోది అంతే. పదిహేడోది దాకా అంతే. పదిహేడు ఒకేలా వచ్చాక పద్దెనిమిదో దాన్ని చూడటం దేనికి? 'పద్దెనిమిది మందీ గండిలోనే ఉన్నారని సాంకేతికంగా నిరూపితమైనది' అని రాసి, నలభై ఒకటో పేజీ నుంచి రికార్డులన్నీ జతచేసి, అరవై నాలుగు పేజీల నివేదిక సీఐ గారి బల్ల మీద పెట్టి వచ్చాను. ఆ బల్ల కొంచెం కుంగింది.

అదే నివేదికను, పేర్లూ ఊరూ కొట్టేసి, ఆ శనివారం క్లాసులో నా ప్రాజెక్టుగా తెర మీద చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడం మాత్రం కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చింది.

"సార్, శ్రావణ శనివారం గండికి మీరెప్పుడన్నా పోయినారా?"

"పోయినా మేడం. ఇంట్లోవాళ్లం ఐదుమందిమి పోతే నలుగురిమే ఇల్లు చేరినాం. మా అత్తను మరుసటి రోజు పోయి తెచ్చుకున్న్యా."

"అంత జనంలో ఐదుమందే ఒక్కచోట ఉండలేకపోతిరి. ఈ పదిహేడు ఫోన్లు చూడండి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం దాకా ఒక టవరు నుంచి ఇంగో టవరుకు అన్నీ ఒకే నిమిషంలో దూకినాయి. ఒకడన్నా టీ తాగడానికి వెనకబడలేదు. ఇది గుంపు గాదు సార్. సంచి."

వెనక బెంచీలో ఎవడో నవ్వాడు. ఆమె పెన్ను తెర మీద ఇంకో చోట పెట్టింది. "కాల్స్ కూడా చూడండి. ఒక ఫోను ఎత్తినారు, పదకొండు సెకండ్లు మాట్లాడి పెట్టేసినారు. అది పెట్టినాకనే ఇంగోటి ఎత్తినారు. అది పెట్టినాక ఇంగోటి. దినమంతా రెండు ఫోన్లలో ఒకేసారి మాట్లాడిందే లేదు. పదిహేడు ఫోన్లకూ ఒకటే నోరు."

నేను నోటు పుస్తకం తెరిచి ఆమె చెప్పింది రాసుకోవడం మొదలుపెట్టాను.

"ఇంగ ఈ పద్దెనిమిదోది ఎవురిది సార్? ఇది గండికి పోనే లేదు. దినమంతా ఆ ఊరి టవర్లోనే ఉంది."

ఎర్ర సిరాతో గీత గీసిన వాక్యం అప్పుడు నా బుర్రలోకి వెళ్లింది. కాస్త ఆలస్యంగా.

ప్రొద్దుటూరుకు తిరుగు బస్సులో కాగితం తీసి చూశాను. పద్దెనిమిదో నంబరు ఆ ఊరి అయ్యవారిది. తాత నాటి నుంచీ మిషన్ బళ్లలో పాఠాలు చెప్పుకుంటూ వచ్చిన క్రైస్తవుల ఇల్లు. ఇతను పదేళ్లుగా ప్రైవేటు బళ్లలో తిప్పలు పడి, వయసు దాటిపోయే ఆఖరి ఏడాదిలో సర్కారు టీచరు పోస్టుకు సెలెక్టయ్యాడు. జాబితాలో అతని పేరు పడింది అందుకే. కేసు కొత్తలో అతని మీద ఉన్నదల్లా ఒక పేరు మాత్రమే. నేను చదువుకున్నవాణ్ని కావడం వల్ల ఇప్పుడు సాక్ష్యం కూడా ఉంది. నరికిన పదిహేడు మంది ఫోన్లు గుడి దగ్గర ఉన్నాయి, అయ్యవారి ఫోను నరికిన ఊర్లో ఉంది. ఆ కాగితాన్ని నా చేతులతో నేనే సీఐకి ఇచ్చి, రసీదు కూడా అడిగి తీసుకున్నాను.

అతను ప్రొద్దుటూరులో మేనత్త ఇంట్లో దాక్కుని ఉన్నాడు. పోయి, జీవితంలో మొదటిసారి సీనియరు గారి సూత్రం తప్పాను.

"ఆ పొద్దు నువ్వు యాడుండావు నాయనా?"

"గండిలో సార్."

"నీ ఫోను ఊర్లో ఉందే?"

"ఫోను ఊర్లోనే ఉంది సార్. నేను గండిలో ఉన్న్యా."

మనిషి నెమ్మదైనవాడు. పాఠం చెప్పినట్టు ఒక్కో వాక్యం ఆగి ఆగి చెప్పాడు. శనివారం తెల్లారి పెద్దాయన పిలిచి, పదిహేడు ఫోన్లున్న ఎరువుల సంచి చేతికిచ్చాడు. "నీదైతే ఏసుప్రభువు మతం. మావోడు ఎవుడన్నా పోతే గుడిలోపల దండాలు పెట్టుకుంటా కూచుంటాడు. నువ్వు బయట నిలబడి ఫోన్లు బాగా సూసుకుంటావు" అన్నాడట.

"ఎందుకని అడగలేదా?"

"పెద్దాయన్ను ఎవురడుగుతారు సార్? మిషన్ బడి జీతం చాలక మా నాయన ఆయప్ప చేన్లోనే కూలికి పోయేది. సాయంత్రం ఊరికొచ్చినాకనే తెలిసె ఏం జరిగిందో."

"ఫోన్లు మోగితే ఏం చెప్పినావు?"

"'అన్న క్యూలో ఉండాడమ్మా' అని చెప్పినా. వాళ్ల ఇంటోళ్లే చేసినారు సార్, పదకొండు మంది ఆడోళ్లు. ఒకామె 'నువ్వెవురు' అనె. 'నేనూ క్యూలోనే ఉండా' అన్న్యా."

"మరి నీది ఎందుకు తీసకపోలేదు?"

"వెరిఫికేషనుకు ఎప్పుడు రావాల్నో ఆఫీసోళ్లు ఫోను చేస్తామన్న్యారు సార్. బస్సులో, జనంలో వినపడదేమోనని మా ఇంటామెకు ఇచ్చిపోయినా."

"చేసినారా?"

"చేసినారు. ఇంగ తొమ్మిది దినాలుండాది. పేరు మింద కేసుంటే పోస్టు ఇంగొకరికి పోతాది."

నా తప్పు నేను చెప్పాను. నలభై ఒకటో పేజీ సంగతి, పద్దెనిమిదో నంబరు చూడకుండా రాసిన సంగతి, అన్నీ చెప్పాను. అతను కోపగించుకోలేదు. "చదివి ఇచ్చింటే బాగుండు సార్" అన్నాడు. నలభై ఏళ్ల చదువులో నాకు పడిన మార్కులన్నీ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి.

సీనియరు గారికి చెబితే ఆయన దగ్గడం కూడా మర్చిపోయి విన్నారు. "నలభై ఒకటో పేజీ అంటివి. ముందు నలభై పేజీల్లో ఏముందప్పా?"

"కంప్యూటర్ల చరిత్ర సార్. పూసల చట్రం కాన్నుంచి రాసినా."

"దేవుడుండాడు. పద, పోయి తెచ్చుకుందాం."

సీఐ గారు నివేదికను బల్ల మీదే ఉంచుకున్నారు. చదువుతున్నారు కూడా. మూడో పేజీలో ఉన్నారు. "ఏం లాయరూ, ఈ సున్నా ఒకటి, సున్నా ఒకటి అని రాసినావే, ఇదేంది? రెండు దినాలుగా ఈడనే ఉండా" అన్నారు. నేను ఎవరికీ అర్థం కాకుండా రాస్తానని మా ఇంట్లో ఎప్పుడూ ఒక ఫిర్యాదు ఉండేది. ఆ రోజు నా శైలికి నేనే దండం పెట్టుకున్నాను. ముద్రణలో తప్పులు దొర్లాయి, సరిచేసి తెస్తానని వెనక్కి తీసుకున్నాను. ఆయన బరువు దించుకున్నట్టు నవ్వి, "తీస్కపో. అయినా కంపెనీవాళ్లు పంపిన రికార్డు ఫైల్లో ఉండాది గదా, చార్జిషీటు రాసేటప్పుడు మావోడు సూస్తాడులే" అన్నారు.

అంటే నివేదిక తప్పింది గానీ ప్రమాదం తప్పలేదు. చార్జిషీటు రాసే లోపల, వెరిఫికేషను జరిగే లోపల, అయ్యవారి పేరు జాబితా నుంచే పోవాలి. ఇద్దరం శెట్టిగారి గోడౌన్ మెట్లెక్కాం.

నేను పెద్దాయనకు విషయమంతా విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, మూట మీద ఇంకొంచెం సుఖంగా కూర్చున్నాడు.

"అయితే మంచిదే గదా సామీ. మావోళ్లు పదిహేడు మంది గండిలో ఉన్న్యారు. అయ్యవారు ఊర్లో ఉన్న్యాడు. వాడే నరికినాడనుకుంటారు. ఒక్కడు పోతే పదిహేడు మంది బయటపడతారు."

అరవై నాలుగు పేజీల్లో నాకు కనబడనిది ఆయనకు అర నిమిషంలో కనబడింది. అక్షరం ముక్క రాని మనిషి. నేను సీనియరు గారి వైపు చూశాను. ఆయన చీరల మూటల అంచులు లెక్కపెడుతున్నారు. నా వంతే అని అర్థమైంది.

"ఒక్కడు పోడు పెద్దాయనా. వాణ్ని బోనెక్కిస్తే ఏం చెప్తాడు? 'నేను ఊర్లో లేను, గండిలో ఉన్న్యా' అంటాడు. 'ఏం పని' అంటారు. 'సంచి మోస్తాంటి' అంటాడు. 'సంచిలో ఏముంది' అంటారు."

"నా మాట కాదని చెప్తాడా వాడు?"

"జైలుకు పోయేవానికి నీ మాటతో పనేముంది? వాడు చెప్పకపోయినా రికార్డు చెప్తాది. పదిహేడు ఫోన్లు కవలపిల్లల మాదిరి ఒక్కడుగు తేడా లేకుండా నడిచినాయి. పదిహేడూ ఒకేసారి బస్సెక్కి, ఒకేసారి దిగి, ఒకేసారి కొబ్బరికాయల అంగడి కాడ నిలబడినాయి. పదకొండు మంది ఇండ్లల్లో ఆడోళ్లు ఫోను చేస్తే పదకొండు మందికీ అయ్యవారే పలికినాడు. పోలీసోళ్లు ఆడోళ్లను పిలిచి ఒక్క మాట అడిగితే చాలు."

ఇదంతా వాస్తవమే. దానికి నేను కలిపింది ఒక్కటే: ఢిల్లీలో ఒక యంత్రం ఉందనీ, అందులో ఈ ఫోన్లు వేస్తే ఎవరి చేతి చెమట ఏ ఫోనుకు అంటిందో కూడా చెబుతుందనీ అన్నాను. మా మేడం వింటే నన్ను ఫెయిల్ చేసేది.

పెద్దాయన మూట మీద నుంచి దిగాడు. "నిన్ను ఎవురు సదువుకోమనిరి?" అన్నాడు నన్ను, నిజంగానే బాధపడుతూ.

అప్పుడు సీనియరు గారు దగ్గారు. కింద అంగట్లో చీరలు మడతపెట్టే చప్పుడు ఆగిపోయింది. "అయ్యవారికి ఉద్యోగం వస్తే వాడు ఏ బోనూ ఎక్కడు. వాని మానాన వాడు పాఠాలు చెప్పుకుంటాడు. మీ మామకు ఫోను చెయ్యప్పా" అన్నారు.

ఆ మామ ఎవరంటే అవతలి వర్గం పెద్ద. మూడు తరాలుగా ఒకరినొకరు చంపుకుంటున్నా వరస మాత్రం చెడలేదు. పెద్దాయన ఫోను స్పీకర్లో పెట్టాడు.

"ఏం మామా, బాగుండావా?"

"యాడ బాగుండేదప్పా, నువ్వు బాగుండనిస్తే గదా. బయటికొచ్చినావా, ఇంగా శెట్టి చీరలల్లోనే ఉండావా?"

"ఈడనే ఉండా. సల్లగుండాది. ఒక పేరు తీయాల మామా."

"ఎవురిది?"

"అయ్యవారిది."

"అది కష్టం. ఆ పేరు మావోళ్లు పని పెట్టుకోని రాయించినారు. సర్కారు ఉద్యోగమంట గదా వానికి."

"మీ బ్యాంకు పిల్లోని పేరు మా కౌంటరు లిస్టులో ఉండాది. తీయించేస్తా."

"వాడు ఆ పొద్దు హైదరాబాదులో ఉన్న్యాడు. వాని పేరు ఎట్ల రాస్తిరి మీరు?"

"మావోడూ గండిలో ఉన్న్యాడు మామా. మీరెట్ల రాస్తిరి?"

"మిగతావోళ్లు యాడున్న్యారు?"

"వాళ్లూ గండిలోనే."

"ఔనౌను. ఆంజనేయసామి మా చేనుగట్టు మిందికి వచ్చిపోయినాడు ఆ పొద్దు" అని అవతలాయన అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "సరే. ఒకటికొకటి. రేపు సీఐ ఆసుపత్రికి వస్తే మావోనితో చెప్పిస్తా."

మొత్తం మూడు నిమిషాలు. నేను రెండేళ్లు బస్సుల్లో వేలాడి నేర్చుకున్న విద్య పని అక్కడితో అయిపోయింది. కిందికి దిగేటప్పుడు సీనియరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "చెమట మిషను బాగుండె. అది మాత్రం కాగితం మింద రాయాకు" అన్నారు.

మరుసటి రోజు, చెయ్యి పోయిన రైతు ఆసుపత్రి మంచం మీద నుంచి రెండో వాంగ్మూలం ఇచ్చాడు. ఆ గొడవలో అయ్యవారిని చూసినట్టు పొరపాటున చెప్పానన్నాడు. బ్యాంకు పిల్లోడి పేరు కూడా అదే రోజు పోయింది. ఇద్దరి మీదా కేసు లేదని మెమో పడింది. వెరిఫికేషనుకు రెండు రోజుల ముందు ఆ కాగితం అయ్యవారి చేతికి ఇచ్చాను. ఈసారి ప్రతి అక్షరం చదివి, మా టైపిస్టుతో చదివించి, టీ తెచ్చినాయనతో కూడా చదివించి మరీ ఇచ్చాను.

మిగిలిన పదిహేడు మంది సంగతి మీరు అడక్కముందే చెబుతాను. ఆరేళ్ల తర్వాత కేసు విచారణకు వచ్చేసరికి రెండు వర్గాలూ ఒకే పార్టీలో ఉన్నాయి. సాక్షులందరూ ఎదురుతిరిగారు. పదిహేడు మందీ విడుదలయ్యారు. వాళ్ల తరఫున వాదించింది మేమే. బాగానే వాదించాం. సంచి రికార్డు ఫైల్లో అలాగే ఉండిపోయింది, ఎవరూ ఆ పేజీల దాకా రాలేదు. వకాలతు పుచ్చుకున్న మనిషిగా నేను నోరు విప్పగూడదు, విప్పలేదు. ఈ సంగతి ఎంత గొప్పగా రాద్దామన్నా ఇంతకంటే పెద్దది కావడం లేదు.

చదువు కూడా పూర్తయింది. ఆ ప్రాజెక్టు పనికిరాదని మేడంకు చెప్పి, పాస్‌వర్డులు ఎంత పొడుగుండాలనే దాని మీద ఇంకోటి రాసిచ్చాను. నేను రాసింది కాబట్టి చాలా పొడుగే వచ్చింది. ఆఖరి రోజు ఆమె స్కూటీ స్టాండు తీస్తూ అడిగింది.

"సార్, ఆ సంచి మోసినాయప్ప ఏమైనాడు?"

"సర్కారు అయ్యవారైనాడు మేడం."

"ఆ పదిహేడు మంది?"

నేను ఏదో అనబోయాను. ఆమె వినడానికి ఆగలేదు. హెల్మెట్ పెట్టుకుని లింగాల దారి పట్టింది.

అయ్యవారికి పక్క ఊర్లో, వాళ్ల ఊరి పిల్లలు కూడా పోయే బడిలోనే పోస్టింగు వచ్చింది. చేరిన రెండు నెలలకు ఒక సోమవారం పొద్దున్నే మా ఆఫీసుకు వచ్చాడు. మేనత్తను చూడటానికి ఆదివారం వచ్చాడట. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కృతజ్ఞతలు చెబుతాడని నేను కుర్చీలో సర్దుకుని, వినయంగా ఎలా వద్దనాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

"ఆయప్పను చూసొచ్చినా సార్" అన్నాడు.

"ఎవురిని?"

"చెయ్యి పోయినాయప్పను. సంచి మోసింది నేనేనని చెప్పినా."

నేను లేచి తలుపు మూశాను. కేసు ఇంకా కోర్టు మెట్లు కూడా ఎక్కలేదు. పెద్దాయన చెవిన పడితే ఏమవుతుందో అయ్యవారికి నేను చెప్పనక్కరలేదు. "ఎవురు చెప్పమన్న్యారు నిన్ను?"

"ఎవురూ చెప్పమనలేదు సార్."

"ఏమన్న్యాడు?"

"కూచోమన్న్యాడు. మళ్ల, 'నువ్వు లేవని నాకు తెలుసప్పా. ఉన్నోళ్ల మొగాలు నేనెట్ల మర్చిపోతా' అన్న్యాడు."

"సాక్ష్యం చెప్పమన్న్యాడా? ఏమన్నా రాసిమ్మన్న్యాడా?" నాలోని లాయరు ఊరుకోలేదు.

"అదేం అడగలేదు సార్. వాళ్ల పాప నా క్లాసులోనే ఉండాది, మూడో తరగతి. 'దానికి దస్తూరి బాగా నేర్పియ్యి అయ్యవారూ. ఇంగ నా కాగితాలన్నీ అదే రాయాల' అన్న్యాడు."

నేను టీ చెప్పిస్తానన్నాను. వద్దన్నాడు. జమ్మలమడుగు బస్సు ఎనిమిదికి ఉంది, అది తప్పితే బడిగంట లోపల చేరలేడు. తలుపు తీసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.